శాంతిసభలయందు ప్రజల స్థానము

సంస్కృతమున నొక యర్థముతో నున్న పదము తెలుగున చేరునప్పటికి మఱియొక యర్థము పొందుట మనకు క్రొత్త కాదు. ‘ఉదాసీనుడు’ అను మాట యట్టిది. ఏమియు పట్టించుకొననివానిని నేడు మన మట్లు పిలుచుచున్నాము. కౌటిల్యుని అర్థశాస్త్రములోని యుదాసీనుడు వేఱు. ఆతడు కలహించు రాజులకును, వారి నడుమనుండు మధ్యమునకును వెలుపల నుండువాడు, వారందఱికంటెను బలవంతుడు, వారిని అనుగ్రహించుటకును నిగ్రహించుటకును సమర్థుడు. ఇరువదవ శతాబ్దమున ప్రపంచరాజ్యములు కూడి యేర్పఱచుకొన్న శాంతిసభల చరిత్రము చదువునపుడు మా కీ పదముయొక్క రెండర్థములును మాటిమాటికి స్ఫురించుచుండును. అవి కౌటిల్యుని యుదాసీనులు కావలెనని పుట్టినవి. పలుమాఱులు మన వాడుకలోని యుదాసీనులై మిగిలినవి.

మొదటి మహాయుద్ధానంతరమున, 1920 జనవరి 10వ తేదీన, నానాజాతి సమితి పుట్టినది. జెనీవా నగరము దానికి స్థానమైనది. అది 1946 ఏప్రిలులో తన్ను తాను రద్దు చేసికొన్నది. అంతకుముందే, 1945 అక్టోబరు 24వ తేదీన, ఐక్యరాజ్య సమితి వెలసినది. ఈ రెంటినిగూర్చి విమర్శకులు సామాన్యముగా చెప్పు మాట యొక్కటే: వానికి సైన్యము లేదు, కావున వాని తీర్పు చెల్లలేదు. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని సైన్యము లేకయే యవి నెగ్గిన సందర్భములు కలవు. కార్యము నిర్విఘ్నముగా జరిగియు ఫలము చేదైన సందర్భములును కలవు. కనుక మఱియొక ప్రశ్న వేసి చూడవలెనని మా యభిప్రాయము. ఎవరి శాంతికొఱకు సభ కూడినదో, వారి మాట ఆ సభలో వినబడినదా? ఈ ప్రశ్నకు తెలుగుదేశపు చరిత్రములోనే యొక గట్టి యుదాహరణ మున్నది. దానిని చేరుటకు ముందు కొంత దూరము నడువవలెను.

పొన్నూరున గూర్చుండి జెనీవా మాట లేల యని యడుగు పాఠకు లుందురు. పత్తి ధర, మిరప ధర, ఈ యేటి కాలువనీళ్లు, ఇవి మాటాడుకొను మా ప్రాంతపు గృహస్థుల కా ప్రశ్న సహజమే. సమాధానము మన సముద్రతీరముననే యున్నది. 1931 సెప్టెంబరులో జపాను సేన మంచూరియాను ఆక్రమింప మొదలిడినది. చీనా సమితితో మొఱపెట్టుకొన్నది. సమితి లిట్టన్ ప్రభువు నధ్యక్షునిగా జేసి యొక విచారణ సంఘమును పంపినది. ఆ సంఘము మంచూరియా చేరునప్పటికి 1932 ఏప్రిలు వచ్చినది. నివేదిక వెలువడునప్పటికి అక్టోబరు వచ్చినది. 1933 ఫిబ్రవరి 24న సమితి మహాసభ ఆ నివేదిక నంగీకరింపగా, జపాను ప్రతినిధులు సభనుండి లేచిపోయిరి. వారిని నిలుపగలవా రెవరును లేకపోయిరి. తరువాత తొమ్మిదేండ్లకు, 1942 మార్చిలో, జపాను సేన రంగూను ప్రవేశించినది. ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. బర్మా రేవులలోను మిల్లులలోను కూలి చేసికొని బ్రతుకుచుండిన తెలుగువారు వేలకొలదిగా కొండలు, అడవులు నడిచి స్వదేశమునకు రావలసివచ్చినది. త్రోవలోనే రాలిపోయినవా రెందఱో. జెనీవాలోని యా యొక్క వైఫల్యమే దీనికంతటికిని కారణమని మేము చెప్పము. కాని మంచూరియాలో నడ్డు లేకపోయిన సేన అంతటితో నాగలేదనుట చరిత్రము. దూరదేశపు తగవు మన యింటి తగవు కాదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు.

మా వైపు పల్లెలలో గట్టు తగవు వచ్చినపుడు, తెలిసిన పెద్దమనుష్యులు చేయు మొదటి పని చేనికి పోయి గట్టు చూచుట. తరువాత నిరువైపుల రైతులనే కాక, ఆ గట్టుమీద నడుచు పాలేళ్లను, క్రింది చేలవారిని గూడ నడుగుదురు. రచ్చమీద గూర్చుండి కాగితము చూచి చెప్పిన తీర్పు మఱుసటి యేడు దుక్కి వచ్చువఱకే యుండునని వారి కెఱుక. నానాజాతి సమితి నెగ్గిన చోట్ల నీ లక్షణము కొంతగానో గొప్పగానో కనబడుచున్నది.

ఆలండ్ ద్వీపముల సంగతి చూడుడు. అవి బాల్టిక్ సముద్రములోనివి. అందలి ప్రజలు స్వీడిషు భాష మాటాడువారు. స్వీడనుతో గలియవలెనని కోరిరి. ఫిన్లండు అవి తనవన్నది. సమితి నియమించిన విచారణకర్తలు స్వయముగా ఆ ద్వీపములకు పోయి చూచిరి. 1921లో ద్వీపములు ఫిన్లండువేయని తీర్పు వచ్చినది. కాని యా తీర్పుతోపాటు, అక్కడివారి భాషకును, బడులకును, భూములకును రక్షణ కల్పించు కట్టుబాట్లు వచ్చినవి. ద్వీపములయందు సైనిక స్థావరము లుండరాదని నియమ మేర్పడినది. అనగా ద్వీపవాసుల కోరిక తీఱలేదు గాని, ఆ కోరికకు మూలమైన భయము మన్నింపబడినది. తీర్పు చెప్పినవారికి సైన్యము లేదు. అయినను ఆ యేర్పాటు శతాబ్దము దాటి నిలిచినది.

సారు ప్రాంతపు కథ ఇంతకంటె చిక్కైనది. జర్మనీకిని ఫ్రాన్సునకును నడుమనున్న ఆ బొగ్గుగనుల ప్రాంతమును సమితియే పదునైదేండ్లు పరిపాలించి, 1935 జనవరి 13న ప్రజాభిప్రాయము సేకరించినది. ఓటింగునాడు కల్లోలము లేకుండ బ్రిటను, ఇటలీ, స్వీడను, హాలండు దేశముల సైనికులు సుమారు 3,300 మంది వచ్చి కావలియుండిరి. అంతర్జాతీయ శాంతిసేన యనదగినది మొదట కనబడిన దిక్కడనే. ఓటింగు ప్రశాంతముగా జరిగినది. నూటికి తొంబదిమంది జర్మనీతో గలియుద మనిరి. సమితి మాట నిలుపుకొని యా ప్రాంతము నప్పగించి, సైన్యమును వెనుకకు పిలిచినది. విధానమునుబట్టి చూచిన నిది నిర్దుష్టమైన విజయము. కాని జర్మనీ నప్పటికే హిట్లరు ఏలుచుండెను. సమితి పాలనయే యుండనిండని ఓటు వేసినవారు 46 వేలకు పైబడియుండిరి. వారిలో ననేకులు దేశము విడిచి పాఱిపోవలసివచ్చినది. ఓట్ల లెక్కలో వారిని సమితి లెక్కపెట్టినది. ఆ లెక్క ముగిసిన మఱునాటినుండి వారి నెవరును లెక్కపెట్టలేదు. విజయములలో గూడ నిట్టి వెలితి యుండునని పాఠకులు గుర్తింపవలెను. ఇది ముందుకు మన కుపకరించును.

ఇక బలవంతుడు ప్రతివాదియైనచో నేమి జరిగినదో చూతము. ఇందుకు గ్రీసు దేశమే తగిన సాక్షి. 1923లో, గ్రీసు భూమిమీద నొక ఇటలీ సేనాని హత్య చేయబడగా, ముసోలినీ కోర్ఫూ ద్వీపముమీద ఫిరంగులు కాల్పించి దాని నాక్రమించెను. గ్రీసు సమితి తలుపు తట్టినది. తుదకు జరిగిన దేమనగా, దెబ్బతిన్న గ్రీసే ఇటలీకి 5 కోట్ల లీరాలు చెల్లింపవలసివచ్చినది. 1925 అక్టోబరులో గ్రీసు సేనలు బల్గేరియాలో జొరబడినవి. అప్పుడు సమితి వెంటనే మేల్కొని, సేనలను మరలించుమని తంతి పంపినది. గ్రీసు లోబడి, విచారణానంతరమున 45 వేల పౌనుల పరిహారము కట్టినది. ఈ రెండవ సంఘటనను సమితి విజయములలో జేర్చుట వాడుక. మేమును చేర్చుదుము, ఏలయన యుద్ధమొకటి నిజముగా నాగినది. కాని రెండు తడవలును సొమ్ము చెల్లించినది గ్రీసే యను సంగతి మఱువరాదు. బలహీనుడు వాదియైనను ప్రతివాదియైనను తప్పు దండుగ ఆతనిదే యైనపుడు, ఆ న్యాయస్థానమును జనులు గౌరవించుట కష్టము. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తినపుడు సమితి ఆర్థిక నిర్బంధములు విధించెను గాని, యుద్ధయంత్రమునకు ప్రాణమైన నూనెను మాత్ర మా పట్టికలో చేర్చలేదు. 1936 జూను 30న రాజ్యము గోల్పోయిన చక్రవర్తి హైలీ సెలాసీ జెనీవా సభలో నిలిచి తన ప్రజలపక్షమున మొఱపెట్టెను. మఱుసటి నెలలో సమితి ఆ నిర్బంధములను గూడ నెత్తివేసినది.

ఆ సభలో భారతదేశమునకు గూడ పీఠముండెను. స్వపరిపాలన లేని దేశమైనను మన దేశము సమితికి మూలసభ్యులలో నొకటి. కాని ప్రతినిధులను ప్రభుత్వము నియమించెడిది, ప్రజ లెన్నుకొనలేదు. 1929లో ముహమ్మదు హబీబుల్లాగారు నాయకులగువఱకు ఆ బృందమునకు భారతీయుడు నాయకత్వము వహింపనేలేదు. దేశము పేర కుర్చీ యొకటి. ఆ కుర్చీలో గూర్చున్నవాడు దేశప్రజలకు జవాబుదారి కాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారు సమితియొక్క మేధాసహకార సంఘమున సభ్యులై తమ విద్వత్తుచేత ఆ స్థానమును సార్థకము చేసిరి. శరణార్థులకు నాన్సెన్ పేర నిచ్చిన ప్రయాణపత్రము, అంటువ్యాధుల నివారణమునకై చేసిన కృషి, ఇవియు సమితి ఖాతాలో జమ చేయదగినవే. రాజ్యముల గౌరవమునకు సంబంధింపని చోట్లనే యా సంస్థ మనుష్యులను చక్కగా చూడగలిగెననుట గమనింపదగిన విషయము.

రెండవ మహాయుద్ధము తరువాత వచ్చిన ఐక్యరాజ్య సమితి యీ లోపములను దిద్దునని లోకము నమ్మినది. రెండు సంస్థల మూలపత్రములను ప్రక్కప్రక్కన బెట్టి చదివిన నొక భేదము వెంటనే తోచును. నానాజాతి సమితి పత్రము ఒడంబడిక చేసికొను ప్రభుత్వముల పేర మొదలగును. ఐక్యరాజ్య సమితి పత్రము ప్రజల పేర మొదలగును. వ్యాకరణము చెప్పు పండితునకు కర్త మాఱుట చిన్న విషయము కాదు. కాని లోపలి ప్రకరణములలోనికి పోయినచో కర్త మరల రాజ్యమే యగుచున్నాడు. తగవు తెచ్చుటకు రాజ్యమే యర్హము. సభ్యుడు గాని రాజ్యము గూడ, శాంతియుత పరిష్కారపు బాధ్యతల నంగీకరించి, తన తగవును తేవచ్చును. ఆంతరంగిక విషయములలో సమితి చేయిపెట్టరాదు. ఆపైన నైదు మహారాజ్యములలో నేది యొక్కటి కాదన్నను భద్రతామండలి తీర్మానము వీగిపోవును. పీఠికలో ప్రజలు, పరిచ్ఛేదములలో ప్రభుత్వములు. ఈ పత్రమునకు తెలుగుదేశమున పరీక్ష వచ్చినది 1948లో. ఆ వ్యవహారము భద్రతామండలి పట్టికలో ‘హైదరాబాదు ప్రశ్న’ అను పేర నెక్కినది.

నైజాము రాజ్యపు ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారు. బ్రిటిషువారు పోయినపిదప నిజాము తాను స్వతంత్రుడ ననెను. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో నొక యేటికి యథాతథ ఒడంబడిక చేసికొనెను. ఆ యేడు పూర్తికాకయే గ్రామములలో కాసిం రజ్వీ రజాకార్ల దౌర్జన్యము పెచ్చుపెరిగినది. మఱియొక ప్రక్క దొరల వెట్టికిని, భూమి దోపిడికిని ఎదురుతిరిగిన రైతుల సాయుధ పోరాటము సాగుచుండెను. కృష్ణకావలి నల్లగొండనుండి, ఖమ్మము వైపునుండి, కుటుంబములు మూటాముల్లె గట్టుకొని మన జిల్లాలకు తరలివచ్చినవి.

1948 ఆగస్టు 21వ తేదీన హైదరాబాదు ప్రభుత్వము భద్రతామండలికి ఫిర్యాదు పంపినది. భారతదేశము తమ్ము బెదరించుచున్నదనియు, దిగ్బంధము చేయుచున్నదనియు దాని సారాంశము. నీతిశాస్త్రపు షాడ్గుణ్యములో దీనిని సంశ్రయ మందురు. అనగా బలహీనుడు బలవంతు నాశ్రయించుట. ఆ తేదీని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఆ రాత్రియే హైదరాబాదు నగరమున ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ పై హంతకులు పడిరి. మఱునా డాతడు మరణించెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాయుటయే యా యువకుని నేరము. ఆతడు ముస్లిము. మఱి యాఱు దినములకు, ఆగస్టు 27న, సిద్ధిపేట ప్రాంతపు బైరానుపల్లిలో రజాకార్లును, వారికి తోడైన సర్కారు బలగమును తొంబదిమందికి మించి గ్రామస్థులను చంపిరి. రక్షణ కావలెనని లోకమును యాచించిన ప్రభుత్వము తన ప్రజలను రక్షింపని తీరిది. ఫిర్యాదు కాగితము సముద్రములు దాటిపోయినది. షోయబుల్లాఖాన్ రక్తమును, బైరానుపల్లి బూడిదయు నే కాగితముమీదను నెక్కలేదు, ఏలయన వానికి ప్రభుత్వము లేదు.

సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు సరిహద్దు దాటినది. 16న భద్రతామండలి పారిసు నగరమున కూడినది. ఫిర్యాదును కార్యక్రమములో చేర్చుకొనుట కెనిమిదిమంది యొప్పుకొనిరి. చీనా, సోవియట్ రష్యా, యుక్రెయిను తటస్థముగా నుండినవి. హైదరాబాదు పక్షమున మొయిన్ నవాజ్ జంగును, భారతపక్షమున మదరాసువారైన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారుగారును వాదించిరి. మొదలియారుగారి వాదమున ముఖ్యమైనది, హైదరాబాదు రాజ్యమే కాదనియు, కావున దానికి మండలి గడప త్రొక్కు హక్కు లేదనియు. 17న నిజాము సేన పోరు మానినది, 18న లొంగిపోయినది. మండలి రెండవమాఱు 20న కూర్చుండునప్పటికి తీర్పవలసిన యుద్ధమే లేదు. 22న నిజాము తన ఫిర్యాదును మరలించుకొంటినని తంతి నిచ్చెను. 28న మఱల కొంత చర్చ జరిగినది. 1949 మే నెలలో పాకిస్తాను కోరికపై జఫరుల్లాఖాన్ గారి ప్రసంగము వినబడినది. తీర్మాన మేదియు చేయబడలేదు. అయినను ఆ ప్రశ్న మండలి పట్టికనుండి తొలగింపబడక, దశాబ్దముల తరబడి పేరుమాత్రముగా నట్లే నిలిచియుండెను.

ఈ చర్చనుగూర్చి మన దేశమున రెండు విధముల మాటాడుదురు. మండలి వట్టి మాటల పుట్ట యని కొందఱు. ఇది మన యింటి వ్యవహారము, పరులకు పని యేమి యని కొందఱు. రెండును తేలిక మాటలే. అదే యేట జనవరి 1న కాశ్మీర వ్యవహారమున మండలి తలుపు తట్టినది భారతదేశమే. ఆ రెండు వ్యవహారములు ఒకటి కావు. కాశ్మీరమున సరిహద్దు దాటివచ్చిన దాడి కలదు. కాని జనవరిలో సభ యక్కఱకు వచ్చునని నమ్మి, సెప్టెంబరులో నధికారము లేదని వాదించిన దేశము, ఆ సభను మాటల పుట్ట యని యెగతాళి చేయుట తగదు. ఇక ఇంటి వ్యవహార మను వాదము న్యాయశాస్త్రమున గట్టిదే కావచ్చును. ధర్మమున మాత్ర మది యంతతో చాలదు. తన యింటిలో బిడ్డను కొట్టు ప్రతి తండ్రియు చెప్పున దదే గదా.

మా యాక్షేపణ మఱియొక చోట నున్నది. మండలిలో మొదటినుండి తుదివఱకు జరిగిన చర్చ, నిజాము వాదియగునా కాదా యనుటయే. తెలంగాణపు రైతు ఏమి కోరుచున్నాడని యడిగినవాడు లేడు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి సమావేశము జరుపుకొన్న ఆంధ్ర మహాసభకు గాని, 1938లోనే నిషేధింపబడిన స్టేటు కాంగ్రెసునకు గాని, పారిసులో పీట లేదు. వారిని పిలిపించి వినుటకు మండలికి మనసైన నేమగునో. ఆ మనసు కలుగుటకు వలసిన త్రోవయే ఆ పత్రములో లేదు.

అట్లు వినక పోవుటవలన నష్టపడినది ఒక పక్షమువారే కారు. ఈ మాట మన పాఠకులకు కటువుగా దోపవచ్చును. అయినను చెప్పక తీఱదు. పోలీసు చర్య జరిగినపుడును, జరిగిన తరువాతను, హైదరాబాదు రాజ్యమున, విశేషించి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో, ముస్లిములపై ఘోరమైన ప్రతీకారము సాగినది. జవాహర్లాల్ నెహ్రూగారు పంపిన పండిత సుందర్లాల్, కాజీ అబ్దుల్ గఫారు ప్రభృతుల సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో రాజ్యమెల్ల తిరిగి, తక్కువలో తక్కువగా 27 వేలనుండి 40 వేలవఱకు ప్రాణములు పోయినవని యంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దములవఱకు ప్రకటింపబడలేదు. రజాకార్ల బాధితులు మండలికి కనబడలేదు; రజాకార్ల పేర బాధింపబడిన నిరపరాధులును కనబడలేదు. వాది నిజామే యగుటచేత, నిజాము ఫిర్యాదు మరలించుకొన్న నాడు, ఆయన ప్రజల ఫిర్యాదు గూడ ముగిసినట్లయ్యెను. తెలంగాణమున శాంతియు నానాటితో రాలేదు. సాయుధ పోరాటము 1951 అక్టోబరువఱకు సాగినది. నిజాము కాలపు పోలీసులు పోయిన పల్లెలలో సైనికుల శిబిరములు వెలసినవి. ప్రభుత్వముల నడుమ యుద్ధ మైదు దినములలో ముగిసినది. ప్రజల నడుమ శాంతి కలుగుటకు మూడేండ్లు చాలలేదు.

ఆ సుందర్లాల్ నివేదికలోనే యొక సంగతి కలదు. అనేక చోట్ల హిందువులు తమ ముస్లిము పొరుగువారిని కాపాడిరి. ఒకే వృత్తివారి నడుమ నీ యాదరము మఱింత గాఢముగా నుండెను. హిందూ నేతపనివారు ముస్లిము నేతపనివారిని రక్షింపబోయి, ప్రాణములు గూడ గోల్పోయిరని యా సంఘమువారు వ్రాసిరి. మగ్గము ప్రక్క మగ్గము పెట్టుకొని బ్రతికినవారికి నీతిశాస్త్రపు ఉదాసీనుని లక్షణము లెవరును బోధింపలేదు. వారికి బలము లేదు, అధికారపత్రము లేదు. కాని వారు కలహము జరుగుచున్న చోట నుండిరి. ఎవరు చచ్చుచున్నారో వారికి ముఖము చూచి తెలియును. పారిసు సభలో లోపించిన దీ రెండే.

ఐక్యరాజ్య సమితి తరువాతి కృషిలో మేలైన భాగము, తెలిసియో తెలియకయో, ఈ నేతగాండ్ర మార్గమున నడచినదే. కాశ్మీరమున 1949 జనవరి 1న యుద్ధవిరామము కలిగిన పిదప, ఆ రేఖ వెంబడి పరిశీలకులు నిలిచిరి. వారు తగవు తీర్పలేదు. కాని చూచు కన్నొకటి యచ్చట నుండెను. 1953లో కొరియా యుద్ధము ముగిసినపుడు స్వదేశమునకు పోమన్న యుద్ధఖైదీలు 22 వేలకు పైబడి యుండిరి. వారిని కాపాడి, ఒక్కొక్కని యిష్టము కనుగొను భారము, జనరల్ తిమ్మయ్యగా రధ్యక్షులుగా నున్న తటస్థదేశముల సంఘముపై పడినది. కావలికి భారతసేన పోయినది. ప్రభుత్వము లిది మా మనిషి, అది మీ మనిషి యని లాగుచుండగా, నీవేమందువని ఖైదీ నడుగుట ఆ సంఘపు పని. అది నిండుగా నెఱవేఱలేదు. శిబిరములలో ఖైదీల నాయకుల బెదరింపులు, ఇరుపక్షముల పట్టుదలలు అడ్డువచ్చి, గడువు ముగియునప్పటికి అనేకుల కడుగు ప్రశ్న యడుగనేలేదు. అయినను ప్రశ్న యెవరి నడుగవలెనో యచ్చట సరిగా గుర్తింపబడినది. 1956లో సూయజు యుద్ధానంతరము ఈజిప్టున నిలిచిన శాంతిసేన పదేండ్లకు పైగా సరిహద్దు కాచినది. 1967లో ఈజిప్టు పొమ్మనగానే వెడలిపోయినది. జూనులో యుద్ధము వచ్చినది. ప్రభుత్వపు సమ్మతిపై నిలిచినది ప్రభుత్వపు సమ్మతితోనే పోవును. శాంతిసేన ఆయువుపట్టు నేటికి నక్కడనే యున్నది.

కావున నిట్టి సంస్థలను గూర్చి మేము మూడు ప్రశ్న లడుగుదుము. అది చోటికి పోయి చూచినదా? ప్రభుత్వము లేనివారి మాట విన్నదా? ప్రభుత్వములు చేతులు కలిపిన తరువాత గూడ కొంతకాల మచ్చట నిలిచినదా? ఆలండ్ లో మూడింటికిని ఔననదగిన జవాబు గలదు. సారులో మొదటి రెంటికి గలదు, మూడవదానికి లేదు. హైదరాబాదు విషయమున నొక్కదానికిని లేదు. సైన్యబల మెంత యను ప్రశ్న వీని తరువాతిది. వినని చెవికి బలము తోడైనచో నది శాంతి కాజాలదు.

ఈ ప్రశ్నలు జెనీవాకును, న్యూయార్కునకును మాత్రమే చెల్లునవి కావు. మన యిండ్లలో నాలుమగల తగవు వచ్చినపుడు, అల్లుని వైపువారును మామగారి వైపువారును నడుమ పెద్దలను గూర్చుండబెట్టుకొని, కట్నపు బాకీలు, పసుపుకుంకుమల పొలము, మర్యాదలోపములు గంటలకొలది చర్చింతురు. రాజీ కుదురును. కాఫీలు త్రాగుదురు. ఆ పిల్ల తలుపు వెనుక నిలిచియుండును. నీవేమందువమ్మా యని పిలిచి యడుగు పెద్దమనిషి వందకొకడు. ఆ రాజీ యెందుకు నిలువలేదని యాఱు నెలల తరువాత ఆశ్చర్యపడుదురు. ప్రపంచమున శాంతిసభలను దిద్దుట మన చేతిలో లేదు. మన నట్టింటి సభలో నా పిల్లకు పీట వేయించుట మన చేతిలోనే యున్నది. ఆ పీట వేయించిన యిండ్లవారికే, ఏ శాంతిసభనైనను ‘ఎవరిని పిలువలేదు?’ అని నిలదీయు హక్కు పూర్తిగా గలుగును.